కరెంటు వచ్చాక దారి ఎవరు చెప్పాలి?

మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కూత పెట్టి చేతులెత్తేసింది. గంట తర్వాత కరెంటు వచ్చింది, కంప్యూటర్లన్నీ మళ్లీ లేచాయి. జిల్లా కేంద్రంలోని ఒక సహకార బ్యాంకు శాఖలో ఇది జరిగిందనుకుందాం. బ్రౌజర్‌లో వార్తల సైట్లు తెరుచుకుంటున్నాయి, మెయిల్ వస్తోంది. హెడ్డాఫీసు సర్వర్‌లో ఉండే ఖాతాల పేజీ మాత్రం ఎంతకీ రావడం లేదు. "నెట్ బాగానే ఉందండీ, మీ సర్వరే డౌనయినట్టుంది" అని శాఖవాళ్లు ఫోన్ చేస్తారు. "మిగతా శాఖలన్నిటికీ వస్తోంది సార్, మీ దగ్గరే ఏదో తేడా" అని అట్నుంచి జవాబు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. సర్వర్ బాగుంది, హెడ్డాఫీసుకు వేసిన లీజ్డ్ లైన్ బాగుంది, కేబుళ్లు ఎవరూ కదపలేదు. ఆర్నెల్ల కిందట ఒక టెక్నీషియన్ వచ్చి ఖాతాల పని చేసే కంప్యూటర్‌లో కొట్టి వెళ్లిన ఒకే ఒక్క కమాండ్ కరెంటుతో పాటు పోయింది.

ఆ కమాండ్ ఇది: ‘ఐపీ రూట్ యాడ్ 10.20.0.0/16 వయా 192.168.1.254’. అంటే 10.20తో మొదలయ్యే చిరునామాలకు వెళ్లాల్సినవన్నీ 192.168.1.254 అనే రూటర్‌కు అప్పగించమని. లైనక్స్ మిషన్ మీద దీన్ని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ క్షణం నుంచే పనిచేస్తుంది. పనిచేసింది కాబట్టి టెక్నీషియన్ బ్యాగు సర్దుకుంటాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ప్యాకెట్ (పంపాల్సిన సమాచారపు ముక్క) బయల్దేరే ముందు కంప్యూటర్ చేసే పని, పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే మనిషి చేసే పనే: చిరునామా చూసి ఏ గూట్లో వేయాలో తేల్చడం. ఆ గూళ్ల జాబితా పేరు రూటింగ్ టేబుల్. మన శాఖ కంప్యూటర్‌లో అది మూడు వరసలకు మించదు. 192.168.1తో మొదలయ్యేవి ఇదే ఆఫీసులోని మిషన్లు, నేరుగా ఇచ్చెయ్యి. 10.20తో మొదలయ్యేవి హెడ్డాఫీసువి, లీజ్డ్ లైన్ రూటర్‌కు ఇవ్వు. మిగతావన్నీ 192.168.1.1 దగ్గరున్న బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌కు ఇవ్వు. ఈ చివరిదాన్ని డీఫాల్ట్ రూట్ అంటారు. ఒక చిరునామాకు రెండు వరసలు సరిపోతే ఏది ఎక్కువ నిర్దిష్టంగా ఉంటే దానిదే పైచేయి. ‘/16’ అంటే చిరునామాలోని 32 బిట్లలో మొదటి 16 కలవాలని అర్థం. అలాంటి చిరునామాలు 65,536 ఉంటాయి. డీఫాల్ట్ రూట్‌లో ఒక్క బిట్టు కూడా కలవనక్కర్లేదు. అందుకే మరేదీ సరిపోనప్పుడే దాని వంతు వస్తుంది.

మధ్య వరస మాయమైతే ఏమవుతుందో ఇప్పుడు తేలికగా తెలుస్తుంది. 10.20.5.8కి వెళ్లాల్సిన ప్యాకెట్‌కు డీఫాల్ట్ రూట్ సరిపోతుంది. కంప్యూటర్ ఏ సందేహమూ లేకుండా దాన్ని బ్రాడ్‌బ్యాండ్ రూటర్‌కు ఇచ్చేస్తుంది. 10తో మొదలయ్యే చిరునామాలు ఆయా సంస్థల లోపలి వాడకానికే అని 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం తేల్చింది. బయటి ఇంటర్నెట్‌లో వాటిని మోసేవారు లేరు. ప్యాకెట్ దారిలో ఎక్కడో రాలిపోతుంది. జవాబు రాదు. కంప్యూటర్ మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది, నిమిషానికి పైగా చూసి అప్పుడు వదిలేస్తుంది. తప్పు దారిన పోయిందని తెరమీద ఒక్క మాట కూడా కనబడదు. దారి పోవడం కన్నా, పోయినట్టు ఎవరికీ తెలియకపోవడమే ఈ సమస్యలో పెద్ద కష్టం.

ఈ టేబుల్ ఉండేది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ చేతిలో, ర్యామ్‌లో. ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో నిలిచే విద్యుదావేశం. ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది కాబట్టి, సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకండ్లలోపు మెమరీ మొత్తాన్నీ చదివి తిరిగి రాస్తూ ఉండాలి. ఈ పని ఆగితే మెమరీ లేదు. కరెంటు పోయిందంటే ఆగినట్టే. రీస్టార్ట్ చేసినా ఫలితం అంతే, కెర్నల్ కొత్తగా లేచి ఖాళీ టేబుల్‌తో మొదలుపెడుతుంది.

కెర్నల్ తన టేబుల్‌ను అప్పుడప్పుడు హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సాంకేతికంగా అదేమంత కష్టం కాదు. చేయకపోవడానికి కారణం వేరు. టేబుల్ చెప్పేది ఈ క్షణపు సంగతి: ఇప్పుడు ఏ కేబుల్ తగిలించి ఉంది, ఇప్పుడు మనకు ఏ చిరునామా ఇచ్చారు, ఇప్పుడు ఏ గేట్‌వే (ప్యాకెట్లను అప్పగించే రూటర్) అందుబాటులో ఉంది. ల్యాప్‌టాప్‌ను ఆఫీసులో ఆపి ఇంట్లో తెరిస్తే ఆఫీసు దారులు ఇంట్లో పనికిరావు. పాత టేబుల్‌ను కళ్లు మూసుకుని వెనక్కి తెచ్చుకుంటే, లేని దారుల్ని ఉన్నాయని నమ్మే మిషన్ తయారవుతుంది.

పాత సమాచారం వదలకుండా పట్టుకుంటే ఎంత ప్రమాదమో ఇంటర్నెట్‌కు తల్లి అయిన ఆర్పానెట్ 1980లోనే చూసింది. ఆ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆర్పానెట్‌లో ఇప్పటి రూటర్ల పని చేసిన మిషన్ల పేరు ఐఎంపీ. మొదటిది 1969 ఆగస్టు చివర్లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరింది. అది హనీవెల్ డీడీపీ-516 కంప్యూటర్; మెమరీ 12 వేల పదాలు, పదానికి 16 బిట్లు. ఆ మెమరీ సన్నని అయస్కాంత వలయాలతో అల్లింది కాబట్టి కరెంటు పోయినా అందులోని సమాచారం చెరిగిపోదు. అయినా దారుల విషయంలో ఐఎంపీలు ఎప్పటికప్పుడు పక్క ఐఎంపీల నుంచి తాజా కబుర్లు తెచ్చుకునేవి.

1980 అక్టోబరు 27న ఆ నెట్‌వర్క్ కొన్ని గంటలపాటు పనికిరాకుండా పోయింది. అప్పటి పద్ధతిలో ప్రతి ఐఎంపీ తన లైన్ల స్థితిని ఒక అప్‌డేట్‌గా అందరికీ పంపేది. ఏది కొత్తదో ఏది పాతదో తెలియడానికి అప్‌డేట్ మీద 0 నుంచి 63 వరకు వరస సంఖ్య ఉండేది. 63 తర్వాత మళ్లీ 0. గడియారం ముల్లులా తిరిగి వచ్చే సంఖ్యలు కాబట్టి, రెండింటిలో ఏది ముందున్నదో తేల్చడానికి సగం చుట్టు లెక్క పెట్టుకున్నారు. హార్డ్‌వేర్ లోపం వల్ల ఒక ఐఎంపీలో బిట్లు రాలిపోయి, 50వ నంబరు ఐఎంపీ పేరు మీద మూడు అప్‌డేట్లు చలామణిలోకి వచ్చాయి. వాటి సంఖ్యలు 8, 40, 44. లెక్క ప్రకారం 40 కన్నా 44 కొత్తది. 8 కన్నా 40 కొత్తది. చుట్టు తిరిగి వచ్చింది కాబట్టి 44 కన్నా 8 కొత్తది! మూడింటిలో దేనికీ ఓటమి లేదు. ప్రతి ఐఎంపీ ప్రతిదాన్నీ కొత్త సమాచారమని నమ్మి, టేబుల్‌లో ఎక్కించుకుని పక్కవాటికి పంపింది. అవీ అదే పని చేశాయి. మిషన్ల సమయమంతా దీనికే సరిపోయింది.

ఒక్కో ఐఎంపీని విడిగా రీస్టార్ట్ చేసి లాభం లేదు. అది మరిచిపోయినా పక్కవి మరిచిపోలేదు, లేవగానే అవే అప్‌డేట్లు తెచ్చి ముందు పెడతాయి. చివరకు 50వ ఐఎంపీ పేరుతో వచ్చే అప్‌డేట్లను పట్టించుకోవద్దని మిగతా ఐఎంపీలలో ప్యాచ్ వేయాల్సి వచ్చింది. ఎరిక్ రోజెన్ ఆర్ఎఫ్‌సీ 789లో ఈ సంగతంతా పూసగుచ్చినట్టు రాశాడు. నెట్‌వర్క్ ఇంజినీరింగ్ చదివే ప్రతి విద్యార్థీ చదవాల్సిన పత్రం అది. దారుల సమాచారం పాతబడ్డాక చలామణిలో మిగలకూడదు అన్నది అందులోంచి తీసుకోవాల్సిన ఎరుక.

నేటి ఇంటర్నెట్ కూడా ఆ ఎరుక మీదే నడుస్తోంది. పెద్ద సంస్థల రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ 1989లో ఆర్ఎఫ్‌సీ 1105గా వెలువడింది. ఆ రూటర్లు మోసే ఐపీవీ4 దారులు 9 లక్షలు దాటాయి. మామూలుగా రూటర్ వాటిని భద్రపరచుకోదు. తన పొరుగువారెవరో, ఎవరి మాట ఎంతవరకు వినాలో మాత్రమే దాని శాశ్వత మెమరీలో ఉంటుంది. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఆ లక్షల దారుల్ని పొరుగువారి నుంచి మొదటినుంచీ నేర్చుకుంటుంది.

దారి వేరు, దారి గురించి మన ఉద్దేశం వేరు. కెర్నల్ దగ్గర ఉండేది దారి. మన ఉద్దేశం డిస్కు మీద ఒక ఫైలులో ఉండాలి. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ ఆ ఫైలు చదివి, అప్పటి పరిస్థితికి తగినట్టు దారుల్ని కొత్తగా వేసే ప్రోగ్రామ్ ఒకటి ఉండాలి. మన టెక్నీషియన్ దారి వేశాడు, ఉద్దేశాన్ని ఎక్కడా రాయలేదు.

విండోస్‌లో దీనికి దగ్గరి దారి ఉంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘రూట్ యాడ్’ కమాండ్‌కు ‘-పీ’ అని తగిలిస్తే ఆ వరస రిజిస్ట్రీలోకి కూడా ఎక్కుతుంది. ‘రూట్ ప్రింట్’ కొట్టినప్పుడు ఐపీవీ4 జాబితా అడుగున ‘పర్సిస్టెంట్ రూట్స్’ అనే శీర్షిక కింద అది కనిపించాలి. అక్కడ లేకపోతే రీస్టార్ట్ తర్వాత ఎక్కడా ఉండదు. సిస్కో రూటర్లలో దారికీ ఉద్దేశానికీ మధ్య గీత ఇంకా స్పష్టం: ఇప్పుడు నడుస్తున్నది రన్నింగ్-కాన్ఫిగ్, లేచినప్పుడు చదివేది స్టార్టప్-కాన్ఫిగ్. మొదటిదాన్ని రెండోదానిలోకి కాపీ చేసేదాకా పని పూర్తయినట్టు కాదు.

లైనక్స్‌లో కథ పొడుగు. ఉద్దేశాన్ని చదివే ప్రోగ్రామ్ అన్ని లైనక్స్‌లలో ఒకటే కాదు. డెబియన్ సర్వర్లలో చాలాకాలంగా ‘ఈటీసీ’ డైరెక్టరీలోని ఇంటర్‌ఫేసెస్ ఫైలు. ఉబుంటులో 17.10 వెర్షన్ నుంచి నెట్‌ప్లాన్ అనే యామెల్ ఫైళ్లు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఒకప్పుడు ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు) పేరు మీద ఒక్కో రూట్ ఫైలు ఉండేది. ఇప్పుడు ఆ బాధ్యత నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్‌ది. పాత పుస్తకంలో చూసి ఉబుంటు కొత్త వెర్షన్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైలు రాస్తే, రాసింది అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది, చదివేవాళ్లే ఉండరు. కాబట్టి ఫైలు తెరిచేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ మిషన్‌లో నెట్‌వర్క్ ఎవరి అధీనంలో ఉంది?

ఆ సంగతి టేబులే చెబుతుంది. ‘ఐపీ రూట్’ అని కొట్టి, ఒక్కో వరసలో ‘ప్రోటో’ అన్న మాట పక్కన ఏముందో చూడండి. ‘ప్రోటో కెర్నల్’ అంటే ఇంటర్‌ఫేస్‌కు చిరునామా ఇచ్చినప్పుడు కెర్నల్ తనంతట తాను చేర్చుకున్నది. ‘ప్రోటో డీహెచ్‌సీపీ’ అంటే చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ చిరునామాతో పాటు పంపించినది. ‘ప్రోటో స్టాటిక్’ అంటే సాధారణంగా నెట్‌వర్క్ మేనేజర్ వంటి ప్రోగ్రామ్ తన ఫైలు చదివి వేసినది. ప్రోటో అన్న మాటే లేని వరస ఉంటే, దాన్ని ఎవరో ‘ఐపీ’ కమాండ్‌తో నేరుగా చేర్చారని గుర్తు. చేత్తో కొట్టి ఉండొచ్చు, ఏదో స్క్రిప్టు చేర్చి ఉండొచ్చు. మన బ్యాంకు శాఖలో పోయిన వరస ఈ కోవలోదే. పాత మిషన్ బాధ్యత కొత్తగా చేతికొచ్చినవాళ్లు మొదట ఇలాంటి వరసలు వెతకాలి. ఎవరి రక్షణా లేనివి అవే.

నెట్‌వర్క్ మేనేజర్ ఉన్న మిషన్‌లో ఉద్దేశాన్ని రాయడం ఇలా: ‘ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై’ తర్వాత కనెక్షన్ పేరు, ఆ తర్వాత ‘+ఐపీవీ4.రూట్స్’, దాని పక్కన కొటేషన్లలో ‘10.20.0.0/16 192.168.1.254’. ముందున్న ఆ ప్లస్ గుర్తును తేలిగ్గా తీసుకోకూడదు. అది ఉంటే పాత రూట్లకు ఇది తోడవుతుంది. లేకపోతే పాతవన్నీ పోయి ఇదొక్కటే మిగులుతుంది. తర్వాత అదే కనెక్షన్‌ను ‘కనెక్షన్ అప్’ కమాండ్‌తో మళ్లీ లేపాలి. డిస్కు మీద ఆ కనెక్షన్ ఫైలు తెరిచి చూస్తే ఐపీవీ4 విభాగంలో ‘రూట్1=10.20.0.0/16,192.168.1.254’ అన్న వరస కనిపిస్తుంది. ఫైలును చేత్తో రాసేవారు ఒకటి గమనించాలి: అది ‘రూట్’ అనే అడ్మినిస్ట్రేటర్ ఖాతా సొత్తై ఉండాలి, ఇతరులు చదివే వీలు ఉండకూడదు. అలా లేకపోతే నెట్‌వర్క్ మేనేజర్ ఆ ఫైలును లెక్కలోకే తీసుకోదు.

ఇంత తతంగం ఎందుకు, ఆ పాత కమాండ్‌నే కంప్యూటర్ లేచేటప్పుడు నడిచే ‘ఆర్‌సీ.లోకల్’ స్క్రిప్టులో పెడితే పోలేదా అని చాలామంది అడుగుతారు. ఇది కొన్నిసార్లు పనిచేస్తుంది, అందుకే మరీ ప్రమాదం. గేట్‌వే మనకు నేరుగా అందే నెట్‌వర్క్‌లో ఉంటేనే కెర్నల్ ఆ రూట్‌ను ఒప్పుకుంటుంది. స్క్రిప్టు నడిచే క్షణానికి కార్డుకు ఇంకా చిరునామా రాకపోతే 192.168.1.254 ఎక్కడుందో కెర్నల్‌కు తెలియదు; తప్పు చూపించి తిరస్కరిస్తుంది. ఆ తప్పును చదివే మనిషి ఆ సమయంలో తెర ముందు ఉండడు. ఇవాళ డీహెచ్‌సీపీ జవాబు అర సెకను ముందొచ్చింది, పనిచేసింది. రేపు కరెంటు వచ్చినప్పుడు స్విచ్ కంప్యూటర్ కన్నా నెమ్మదిగా లేచింది, పనిచేయలేదు. రెండోది, ఇంటర్‌ఫేస్‌ను కిందికి దించితే దాని మీద ఉన్న రూట్లన్నిటినీ కెర్నల్ తీసేస్తుంది. మళ్లీ పైకి లేపితే చిరునామా వస్తుంది, ‘ఆర్‌సీ.లోకల్’ మాత్రం మళ్లీ నడవదు. కంప్యూటర్ రీస్టార్ట్ కాకుండానే దారి పోతుంది. నా మటుకు నేను ఆ స్క్రిప్టులో రూట్లు పెట్టడాన్ని ఒప్పుకోను. ఇంటర్‌ఫేస్ లేచిన ప్రతిసారీ పని చేసే ప్రోగ్రామ్‌కే ఆ బాధ్యత ఇవ్వాలి.

రూట్‌ను సరిగ్గా రాసినా దాని చుట్టూ ఉన్నవి మరిచిపోతే ఫలితం ఉండదు. ఆ కంప్యూటర్ వేరే మిషన్ల ప్యాకెట్లను కూడా దాటించాల్సి ఉంటే ‘ఐపీ ఫార్వర్డ్’ అనే మీట 1 మీద ఉండాలి. దాన్ని చేత్తో మారిస్తే అదీ రీస్టార్ట్‌తో పోతుంది, ‘సిస్‌సీటీఎల్’ ఫైలులో రాయాలి. ఒకటి కన్నా ఎక్కువ టేబుళ్లు వాడేవారు ‘ఆర్‌టీ టేబుల్స్’ అనే ఫైలులో టేబుల్ పేరు రాసి, రూట్లు భద్రమైపోయాయని అనుకుంటారు. ఆ ఫైలులో ఉండేవి టేబుళ్ల పేర్లూ నంబర్లే, రూట్లు గానీ వాటిని ఎంచే నియమాలు గానీ అందులో ఉండవు. ఇక కార్డు పేర్లు. ఒకప్పుడు ‘ఈటీహెచ్0’, ‘ఈటీహెచ్1’ అని కనబడిన వరసలో పేర్లు పెట్టేవారు, రెండు కార్డులుంటే అవి తారుమారయ్యే ప్రమాదం ఉండేది. 2013లో సిస్టమ్‌డీ అనే లైనక్స్ ప్రోగ్రామ్ ఈ పద్ధతి మార్చి, కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి పేరు పెట్టడం మొదలుపెట్టింది. ఇది మేలే. కానీ కార్డును వేరే స్లాట్‌లోకి మారిస్తే పేరు మారుతుంది, ఫైలులో పాత పేరే ఉంటుంది.

శాఖలో ఈ రూట్ కావాల్సిన కంప్యూటర్లు ఒకటి కాదు, నలభై ఉన్నాయనుకోండి. నలభై చోట్ల ఫైళ్లు రాయడం కన్నా చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌లోనే ఒకసారి రాయడం మంచిది. 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3442 దీనికోసమే 121వ ఆప్షన్‌ను ఏర్పరచింది: చిరునామాతో పాటు రూట్లు కూడా పంపొచ్చు. కంప్యూటర్ దేన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు, లేచినప్పుడల్లా అడిగి తెలుసుకుంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. 121వ ఆప్షన్ వచ్చిందంటే, గేట్‌వేను చెప్పే పాత ఆప్షన్‌ను కంప్యూటర్ పక్కన పెట్టాలన్నది నియమం. కాబట్టి హెడ్డాఫీసు రూట్‌తో పాటు డీఫాల్ట్ రూట్‌ను కూడా అందులోనే రాయాలి. రాయకపోతే హెడ్డాఫీసు దొరుకుతుంది, ఇంటర్నెట్ పోతుంది. ఈ ఆప్షన్‌కున్న బలం చెడ్డవాళ్లకూ తెలుసు. దొంగ డీహెచ్‌సీపీ సర్వర్‌తో రూట్లు పంపి, వీపీఎన్ లోపల వెళ్లాల్సిన ప్యాకెట్లను బయటికి మళ్లించవచ్చని 2024లో భద్రతా పరిశోధకులు చూపించారు. ఊరూపేరూ లేని వైఫైలో చేరేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కంప్యూటర్ మరిచిపోవడం మనల్ని కాపాడే సందర్భం కూడా ఉంది. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్‌లోకి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి తప్పు రూట్ కొట్టారు. ఆ క్షణంలోనే మీ సంబంధం తెగిపోయింది. అది ర్యామ్‌లో మాత్రమే ఉంటే అక్కడున్నవారు రీస్టార్ట్ చేస్తే చాలు, అంతా మామూలే. ఫైలులో రాసి ఉంటే ఎవరో ఒకరు అక్కడికి ప్రయాణం కట్టాలి. అందుకే ముందు కమాండ్‌తో వేసి చూడడం, బాగుందని తేలాకే ఫైలులోకి ఎక్కించడం సరైన వరస. ఉబుంటులో ‘నెట్‌ప్లాన్ ట్రై’ ఈ జాగ్రత్తను కమాండ్‌లోనే పెట్టింది: కొత్త అమరిక వేశాక 120 సెకండ్లు ఎదురుచూస్తుంది, మీరు ఎంటర్ నొక్కి ఖాయం చేయకపోతే పాతదానికి తిరిగిపోతుంది. జునిపర్ రూటర్లలో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఇలాంటిదే, దానికి మామూలుగా 10 నిమిషాల గడువు.

ఫైలులో రాయడంతో కూడా పని అయిపోయినట్టు కాదు. రాసింది చదవబడుతుందా లేదా అన్నది రీస్టార్ట్ చేస్తేనే తెలుస్తుంది. లేచాక ‘ఐపీ రూట్ గెట్ 10.20.5.8’ అని కొట్టండి. ఇది ఒక్క ప్యాకెట్ కూడా పంపదు. ఆ చిరునామాకు కెర్నల్ ఏ దారి ఎంచుకుంటుందో మాత్రం చెబుతుంది. జవాబులో 192.168.1.254 కనిపిస్తే దారి నిలిచినట్టు, 192.168.1.1 కనిపిస్తే నిలవనట్టు. ఇంటర్‌ఫేస్‌ను ఒకసారి దించి లేపి మళ్లీ ఇదే అడగండి.

నెట్‌వర్క్ పని చేసే పిల్లలకు, చిన్న ఆఫీసులకు సర్వీసు చేసే టెక్నీషియన్లకు నా విన్నపం ఇది. రూట్ చేర్చిన రోజునే, బ్యాగు సర్దుకోకముందే, ఆఫీసువాళ్ల అనుమతి తీసుకుని ఆ మిషన్‌ను రీస్టార్ట్ చేయండి. అది లేచి, హెడ్డాఫీసు పేజీ తెరుచుకునేదాకా అక్కడే ఉండండి. ఆ రూట్ ఎందుకు వేశారో, ఏ తేదీన వేశారో ఒక చిన్న పుస్తకంలో రాసి ఆఫీసులోనే ఉంచండి. కౌంటర్ ముందు పింఛను డబ్బు కోసం నిలబడ్డ మనిషికి రూటింగ్ టేబుల్ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. కరెంటు వచ్చాక ఆయన పని ఆగకుండా చూడాల్సింది మీరే.